పత్తి గోడౌన్ పక్కన కాఫీ గింజలు

మాది ఆదోని. మా డాబాకీ పక్కింటి శెట్టిగారి పత్తి గోడౌన్‌కీ మధ్య ఒక్క పిట్టగోడే అడ్డం. పోయిన ఏడాది గ్యాసు మంట మీద తిరుగుతూ కాఫీ గింజలు వేయించే చిన్న మిషన్ కొన్నాను. గింజల పొట్టు లోపలే ఉండిపోయి మాడు వాసన వస్తోందని, పాత కూలర్ ఫ్యాను విప్పి దానికి బిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం పొద్దున డాబా మీద మిషన్ ముట్టించి ఫ్యాను వేశాను. పొట్టు బయటికి పోయిన మాట నిజమే. కాకపోతే మంట తగిలి నిప్పురవ్వలై, గోడ దాటి, శెట్టిగారి ఆవరణలో ఆరబోసిన పత్తి మీద పడింది.

కింద ఎవరో "పొగ" అన్నారు. మా వీధికి ఆ ఒక్క మాట చాలు. గోనెసంచులు నీళ్లలో ముంచుకుని గోడౌన్ హమాలీలు సగం మంది పత్తి దగ్గరికి, సగం మంది మా మెట్ల మీదికి పరుగెత్తారు. "ముందు గ్యాసు ఆపక్కా" అని ఒకాయన అనేలోపే నా మిషన్ నాలుగు గోనెల కింద మునిగిపోయింది. అదృష్టం, దోసెడు పత్తే నల్లబడింది.

శెట్టిగారు ఆయాసపడుతూ పైకొచ్చారు. తిడతారని తల వంచుకున్నాను.

"కాఫీ తాగొద్దని ఎవురన్నారమ్మా? ఏయించే ముందు ఒక మాట సెప్తే గోనెలు తడిపి పెట్టుకుంటాం గదా" అన్నారు.

ఫ్యాను ఆరోజే పీకేశాను. ఇప్పుడు మిషన్ ముట్టించే ముందు గోడ మీంచి కేక వేస్తాను. అవతలి నుంచి ముందు తడి గోనె, వెనకే ఖాళీ గ్లాసులు గోడెక్కుతాయి. ఆ మిషన్‌కు జరిగిన మార్పుల్లో సరిగ్గా పనిచేస్తున్నది ఆ గోనె ఒక్కటే.