ఇమ్మానుయేలన్న మోసిన మాట

వాన పడ్డ నేలమీద పెట్రోలు వాసన మామూలుగా ఉండదు. ఎండకాలంలో ముక్కుకు తగిలినట్టే తగిలి ఎగిరిపోతుంది. తడి నేలమీద మాత్రం మోకాళ్లెత్తున నిలబడి, చీర కుచ్చిళ్లకు పట్టి, ఇంటిదాకా వెంట వస్తుంది. పోయిన వారం ధర మళ్లీ పెరుగుతుందని ఎవరో పుకారు లేపారు. సాయంత్రానికల్లా మా బంకు ముందు బండ్లు రోడ్డుదాకా నిలిచిపోయాయి. సన్నగా తుంపర పడుతోంది. కొందరు క్యాన్లు, ఖాళీ నీళ్ల సీసాలు పట్టుకుని పక్కనుంచి తోసుకొస్తున్నారు. ఆ వాసన, ఆ క్యాన్లు, ఆ తొక్కిసలాట అన్నీ ఒక్కసారి కలిసేసరికి పైపు ఇంకొకరి చేతికిచ్చి లోపలికి పోయి కూర్చున్నాను. ఇమ్మానుయేలన్న బతికి ఉండి, అక్కడ ఉండి ఉంటే, నా ముఖం చూసి ఏమీ అడగకుండా టీ తెప్పించేవారు.

నేను మొట్టమొదట పనిచేసింది శింగనమల రోడ్డులో ఒక చిన్న బంకులో. ఇమ్మానుయేలన్న దానికి మేనేజరు. గార్లదిన్నె దగ్గరి పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, పెట్రోలు పోసే పనిలో చేరి, అక్కడే మేనేజరైన మనిషి. పొట్టిగా ఉండేవారు. ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడిచేవారు. ఆదివారం చర్చికి పోయే గంటన్నర తప్ప బంకు వదిలేవారు కాదు. నేను చేరేనాటికి మూడేళ్లుగా మాకు సరైన వాన లేదు. వేసిన వేరుశనగ, మా మాటలో చెనిక్కాయ, వేసినట్టే ఎండింది. మా ఆయన బెంగళూరికి కట్టడం పనులకు పోయాడు. ఇద్దరు పిల్లలు, నేను మిగిలాం. ఆ బంకులో అంతకుముందు ఆడమనిషి పనిచేయలేదు. నన్ను చూసి నవ్వినవాళ్లు ఉన్నారు. ఆయన మాత్రం వింతగా చూడలేదు. మొదటిరోజు మిషను పక్కన నిలబెట్టి పైపు ఎలా పట్టుకోవాలో చూపించి, చివర్లో ఒక మాట అన్నారు.

"మీటరును అందురూ చూస్తారు పాపా. నువ్వు మనిషిని చూడు. యాడినుంచి వచ్చినాడో, ఏం పనిమీద పోతాండాడో మొగంలోనే ఉంటాది."

ఏదో పెద్దమనిషి చెప్పే మాటలే అనుకున్నాను. ఆ నెలలోనే ఒక కారు డ్రైవరు డీజిలు పోయించుకుని నోట్లు నా చేతికివ్వకుండా కాళ్ల దగ్గర పడేశాడు. నేను వంగబోతుంటే ఇమ్మానుయేలన్న కాలీడ్చుకుంటూ వచ్చి, ఆ నోట్లు తానే ఏరి, దుమ్ము దులిపి, తిరిగి డ్రైవరు చేతిలో పెట్టారు. "ఆ యమ్మ చేతికి ఇయ్యప్పా" అన్నారు. గొంతు పెంచలేదు. అతను ఇచ్చేదాకా కారు ముందు నుంచి కదలలేదు. ఆరోజు నుంచి నాకు ఆ బంకులో భయం పోయింది.

తర్వాత తుపాను వచ్చింది. చుక్క నీటికోసం మొగులు చూసి బతికే మా సీమలో మూడు పగళ్లు, మూడు రాత్రులు వాన ఆగలేదు. ఎప్పుడూ అడుగు కనిపించే చెరువు నిండి, మిగులు నీళ్లు పోయే మరువ పొంగి, రోడ్డుమీద పారింది. అనంతపురం వైపు కల్వర్టు కొట్టుకుపోయింది. పీకి వాములుగా కుప్ప వేసుకున్న వేరుశనగ తడిసి నల్లబడి మొలకలెత్తింది. ట్యాంకరు లారీలు రావడం ఆగిపోయింది. రెండో రోజుకే కూడళ్లలో సీసాల్లో పోసి అమ్మడం మొదలైంది. పూటపూటకూ ధర పెంచుతూ, మూడో రోజుకు మా మిషను మీది ధరకు మూడింతలు చేశారు. పల్లెల్లో నీళ్లు తోడే ఇంజన్లకు, ఆటోలకు, పాలబండ్లకు అందరికీ మా ట్యాంకు అడుగున మిగిలిన కాసింతే దిక్కు.

ఇమ్మానుయేలన్న ఒక మిషనుకు తాళం వేశారు. అందులోది ఆసుపత్రికి పోయేవాళ్లకు తప్ప ఎవరికీ కాదన్నారు. తర్వాత నన్ను పిలిచి, క్యాన్లు తెచ్చేవాళ్లకు పోయవద్దని, ఆసుపత్రి అని ఎవరైనా అంటే మాత్రం తన దగ్గరికి పంపమని చెప్పారు. "నిజమా అబద్ధమా అని నువ్వు తేల్చొద్దు. ఆ పని నాకు వదిలెయ్" అన్నారు. ఈ మాట నాకు స్పష్టంగా గుర్తుంది. గుర్తులేదని చెప్పుకునే వీలు కూడా లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నానికి నేను నిలబడలేని స్థితిలో ఉన్నాను. పొద్దున్నుంచి ఆసుపత్రి అంటూ వచ్చినవాళ్లను ఆయన దగ్గరికి పంపుతూనే ఉన్నాను. వాళ్లలో ఒకడు తన తమ్ముణ్ణి పాము కరిచిందని ఏడ్చి క్యాను నింపించుకుపోయాడు. గంట తర్వాత అతనే కూడలిలో సీసాలు పెట్టుకుని అమ్ముతున్నాడని పాలబండి అతను చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. సరిగ్గా అప్పుడే నడుముదాకా బురదతో ఒక మనిషి వరుస దాటుకుని నా దగ్గరికి వచ్చాడు. చేతిలో పసుపుపచ్చ నూనె క్యాను.

"అమ్మా, మా ఇంటామెను పాము కరిసింది. చెనిక్కాయ వామి తీస్తాంటే కరిసింది. ఆటో ఉండాది, చుక్క పెట్రోలు లేదు" అన్నాడు.

నేను అతని ముఖంలో ఏముందో చూడలేదు. క్యాను చూశాను. "ఈ పొద్దు అందరికీ పామే కరుస్తాంది. లేదు పో" అన్నాను.

అతను వాదించలేదు. నా ముఖంలోకి ఒక్కసారి చూసి, వచ్చిన దారినే పరుగెత్తాడు. ఇమ్మానుయేలన్న ఇరవై అడుగుల దూరంలో తాళం వేసిన మిషను పక్కన స్టూలుమీద కూర్చుని ఉన్నారు. చెయ్యెత్తి చూపిస్తే సరిపోయేది.

మర్నాడు పొద్దున పాలబండి అతనే ఆ సంగతీ తెచ్చాడు. నేను పొమ్మన్న మనిషి పేరు వెంకటరాముడు. కూడలికి పోయి, సీసా కొని, నీళ్లలో పడి ఇల్లు చేరి, ఆటో కదిలించేసరికి గంటన్నర దాటింది. ఆమె దారిలోనే పోయింది. ఇమ్మానుయేలన్న నావైపు చూశారు. ఆయన అడగకముందే చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన గొడుగు తీసుకుని ఆ ఊరికి నడిచిపోయారు. నేనూ వస్తానంటే వద్దన్నారు. పొద్దు వాలే వేళకు మోకాళ్లదాకా బురదతో తిరిగొచ్చారు. ఏం చెప్పారని అడిగితే, చెప్పాల్సింది చెప్పానని మాత్రం అన్నారు.

నేను పని మానేస్తానన్నాను. ఆయన కాళ్లు కడుక్కుంటూ, తలెత్తకుండా మాట్లాడారు.

"నువ్వు పోతే ఆ యమ్మ లేసి వస్తాదా? రేపు ఇంకొకడు వస్తాడు డబ్బా పట్టుకోని. పది మంది మనల్ని మోసం చేసినా చేయనీ. ఆ ఒక్కని కోసం ఈడనే ఉండు."

ఉండిపోయాను. ఆ తర్వాత ఆరేడేళ్లు ఆయన దగ్గరే పనిచేశాను. ఆ సంగతి మళ్లీ మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఏ పనిలో తప్పు చేసినా దాన్ని ఎత్తిచూపలేదు. ఏదో ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆయన బంకుకు ఆలస్యంగా రావడం గమనించాను గానీ, ఎక్కడికి పోయారని అడగాలని తోచలేదు.

నిరుడు ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. గార్లదిన్నె దగ్గర వాళ్ల ఊళ్లోనే సమాధి చేశారు. పాస్టరు ప్రార్థన ముగించాక జనం ఒక్కొక్కరే గుప్పెడు మట్టి వేస్తున్నారు. నా ముందు మట్టి వేసి పక్కకు తిరిగిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. జుట్టు నెరిసింది, అంతే. వెంకటరాముడు. వేపచెట్టు కింద అతనే నా దగ్గరికి వచ్చాడు.

"బంకులో ఉన్న పాపవు గదా నువ్వు" అన్నాడు. అవునన్నాను. ఇమ్మానుయేలన్న రెండు మూడు నెలలకొకసారి తమ ఇంటికి వచ్చేవాడని, పిల్లల చదువులు అడిగి, కాసేపు కూర్చుని పోయేవాడని చెప్పాడు. వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట అనేవాడట. ఎవరికీ పోయొద్దని తానే కట్టడి చేశానని, ఆ పిల్ల తప్పేమీ లేదని.

అన్నేళ్లు ఆయన నా బదులు ఆ గుమ్మంలో తల వంచుకుని కూర్చున్నారు. నాకు తెలియనివ్వలేదు. ఊరుకుంటే ఆ మాట ఆయనతోపాటే మట్టిలోకి పోయేది. ఊరుకోలేకపోయాను.

"ఆయన కట్టడి చేయలేదన్నా. ఆసుపత్రి అన్నోళ్లను తన దగ్గరికి పంపమన్నాడు. నేనే నిన్ను పంపలేదు."

వెంకటరాముడు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అలాంటిదేదో ఉంటుందని తనకు ముందే అనుమానమన్నాడు. అంత దూరం కాలీడ్చుకుంటూ వచ్చి పాపం తనదని చెప్పే మనిషి, ఆ పూట లేదు పొమ్మని ఉండడని అనిపించేదట. అయినా ఆయన చెబుతుంటే కాదనలేక ఊకొట్టేవాడట. తర్వాత నన్ను చూసి అడిగాడు.

"ఎందుకు పంపలేదమ్మా?"

ఒళ్లు అలిసిపోయిందనో, అంతకుముందు ఒకడు మోసం చేశాడనో చెప్పొచ్చు. రెండూ నిజమే. నోటికి మాత్రం అవి రాలేదు. "నిన్ను నమ్మలేదన్నా" అన్నాను.

వెంకటరాముడు తలూపాడు. క్షమించానని అనలేదు, నేను అడగనూ లేదు. బస్సు వేళయిందని చెప్పి రోడ్డువైపు నడిచిపోయాడు. ఎందుకు పంపలేదని అడిగిన గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని మాత్రమే ఉంది. ఆ అడిగిన తీరే ఇంకా నా చెవుల్లో ఉంది. ఇన్ని నెలలు వెతికినా ఆరోజు నేనిచ్చినదానికంటే మంచి జవాబు నాకు దొరకలేదు.