బిందెలో తాలు కాయలు

మా నాన్నగారు బడిపంతులుగా ఉన్నన్నాళ్ళూ ఎండలు ముదరగానే పదో తరగతి పేపర్లు దిద్దడానికి గుంటూరు వెళ్ళేవారు. మూల్యాంకనం అన్న మాట మా ఇంట్లో పప్పూ చారూ అన్నంత మామూలు మాట. అందుకే నేను ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు టీచరు ఉద్యోగం మానేసి, ఒక స్వచ్ఛంద సంస్థలో వినోద కార్యక్రమాల సమన్వయకర్తగా చేరానని చెబితే ఆయన మామూలుగానే విన్నారు. ఆటపాటలు జరిపించడం సగం పని, జరిగాక వాటిని మూల్యాంకనం చేయడం మిగతా సగం అన్నాక కళ్ళజోడు తీసి నా వంక చూశారు.

"ఆటలకి కూడా మార్కులేస్తారా అమ్మా?"

వేస్తారని చెప్పాను. ఎన్నింటికి వేస్తారని అడిగారు. అది శిక్షణలో చెబుతారన్నాను.

శిక్షణ తాడేపల్లిలో ఐదు రోజులు. కిటికీ తెర తీస్తే కృష్ణా నది కనిపిస్తుంది గానీ, ఏసీ చల్లదనం పోతుందని ఎవరూ తీయనివ్వలేదు. జనానికి ఉల్లాసం ఎలా కలిగించాలో ఐదు రోజులూ కుర్చీల్లోంచి లేవకుండా నేర్చుకున్నాం. ముందు అవసరాల సర్వే చేయాలి. తర్వాత లక్ష్యం రాసుకోవాలి. ఆ లక్ష్యం చేరామో లేదో కొలిచే పద్ధతి కూడా ముందే అనుకోవాలి. కొలవనిది జరగనట్టే లెక్క అని శిక్షకుడు రోజుకి నాలుగుసార్లు అనేవాడు. నాకు ఆ మాట తెగ నచ్చేసింది. నేను పోపుల పెట్టెలో గిన్నెలకి కూడా చీటీలు అంటించే మనిషిని.

నాకు అప్పగించిన ఊరు గుంటూరుకి గంట బస్సు ప్రయాణం. ఊరి చుట్టూ మిరప చేలు, చేల పక్కనే కాయలు ఎండబోసే కల్లాలు. అక్కడ ఎండు మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠా ఒకటి ఉంది. పాతిక మంది దాకా ఉంటారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాయల రాసి ముందు కూర్చుని తొడిమ తుంచడం, రంగు పోయి తెల్లబారిన కాయ కనిపిస్తే ఏరి పక్కన పడేయడం వాళ్ళ పని. ఆ తెల్లకాయని తాలు అంటారు. మంచి కాయల్లో తాలు కలిస్తే సరుకు విలువ పడిపోతుంది కనుక వాళ్ళ కళ్ళు ఎప్పుడూ తాలు కోసమే వెతుకుతుంటాయి. నేను ఈ సంగతి మొదటిరోజే రాసుకున్నాను. రాసుకున్నాను గానీ అర్థం చేసుకోలేదని తర్వాత తెలిసింది.

శనివారం సాయంత్రం నాలుగింటి నుంచి ఐదింటి దాకా పంచాయతీ కమ్యూనిటీ హాలులో వీళ్ళకి ఒక గంట వినోదం. ఇది సంస్థ ప్రయోగంగా మొదలుపెట్టింది. రెండు నెలల తర్వాత పై ఆఫీసు నుంచి ఒక సారు వచ్చి చూస్తారు. బాగుందంటే ఆ గంట ఉంటుంది, నా ఉద్యోగమూ ఉంటుంది. లేదంటే హాలుకి తాళం, నాకు మళ్ళీ మెడలో విజిలు.

అవసరాల సర్వే కల్లంలోనే చేశాను. ఖాళీ సమయంలో మీరేం చేస్తారు అన్నది మొదటి ప్రశ్న. బట్టలుతుకుతాం అన్నారు. అది ఖాళీ కాదు కదా, ఇంకా ఖాళీ దొరికితే అన్నాను. అంట్లు తోముతాం అన్నారు. బొత్తిగా ఏ పనీ లేకుండా ఒక గంట దొరికితే ఏం చేయాలని ఉంటుంది అని తిప్పి అడిగాను. గోడ పక్కగా కూర్చున్న పెద్దావిడ తలెత్తకుండానే, ఏం చేయకూడదని ఉంటుంది అంది. నేను ఆ జవాబు మీద అడ్డగీత కొట్టి, పక్కన 'స్పష్టత లేదు' అని రాశాను.

సర్వే ఫలితాలు నా ప్రణాళికకి ఏమాత్రం పనికిరాకపోవడంతో ప్రణాళిక నేనే సొంతంగా వేశాను. మొదటి వారం కళ్ళగంతలాట. పరికరాలు అక్కర్లేదు, ఒక గుడ్డ చాలు, పరస్పర నమ్మకం పెరుగుతుంది అని ఫారంలో రాసుకున్నాను. నాలుగింటికల్లా అందరూ కల్లం నుంచి నేరుగా వచ్చేశారు. ఎలా ఆడాలో చూపించడానికి ముందు నా కళ్ళకే కట్టమన్నాను. ముఠాకి మేస్త్రి కూడా ఆడమనిషే, గొంతు గట్టిది, మనసు మంచిది. ఆమె ముందుకొచ్చి, వద్దు మేడం, చేతులు కడుక్కురానియ్యండి అంది. టైము అయిపోతోందని నేనే తొందరపెట్టాను. పొద్దుటి నుంచి మిరపకాయలు తుంచిన చేతులతో ఆమె గుడ్డని చక్కగా సాపు చేసి, రెండు మడతలు పెట్టి, బిగించి కట్టింది.

మూడు అడుగులు వేశాననుకుంటాను. తర్వాత నేను వేసినవి అడుగులు కావు, గెంతులు. నులమొద్దు, నులమొద్దు అని పాతిక గొంతులు వినపడుతున్నాయి. నేను నులుముతూనే ఉన్నాను. ఎవరో నన్ను కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళి నీళ్ళు కొట్టారు. కళ్ళు తెరిచేసరికి మేస్త్రి గోడకి ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఒకామె నవ్వలేక నేలమీద కూర్చుండిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది, కళ్ళ సంగతి సరేసరి. ఆ వారం నివేదికలో 'కార్యక్రమం సాంకేతిక కారణాల వల్ల నిలిచిపోయింది' అని రాశాను. ఆ హాలు నవ్వులతో మోగిపోయిందని రాయడానికి ఫారంలో గడి లేదు.

తర్వాతి వారాలు కొంచెం దారిన పడ్డాయి. ముందు సబ్బు, తర్వాతే ఆట అని నియమం పెట్టాను. కుర్చీలాట ఆడించాను. అందరూ మర్యాదస్తులు, ఒకరికొకరు కుర్చీ ఇచ్చుకుని నిలబడటంతో ఆట తేలలేదు. అష్టాచెమ్మా మాత్రం బాగా సాగింది. దాన్ని నేను నేర్పలేదు, గవ్వల బదులు చింతపిక్కలు అరగదీసి వాళ్ళే తెచ్చుకున్నారు.

నన్ను ప్రతి వారం వేధించింది మాత్రం ఆ పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి. అందరికంటే ముందు వచ్చేది, గోడకి వీపు ఆనించి కాళ్ళు చాపుకుని కూర్చునేది, ఐదింటికి లేచి వెళ్ళేది. ఆడేది కాదు, పాడేది కాదు, ఆడేవాళ్ళని చూసేది కూడా కాదు. బంతి చేతికిస్తే పసిబిడ్డని అందించినట్టు పక్కామెకి జాగ్రత్తగా అందించి, మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకునేది. పాల్గొన్నవారి పట్టికలో ఆమె ఎదురుగా వరసగా సున్నాలు పడుతున్నాయి. ఆ సున్నాల వల్ల నా సగటు దెబ్బతింటోంది. ఒకరోజు ఉండబట్టలేక, పిన్నిగారూ, మీకు ఏ ఆట ఇష్టమో చెప్పండి, అదే పెడతాను అన్నాను. ఏదైనా పెట్టు అమ్మాయ్, నాకేం అడ్డం కాదు అంది.

సారు వచ్చే రోజు దగ్గరపడింది. సంస్థ ఇచ్చిన అభిప్రాయ పత్రంలో మూడు బొమ్మ ముఖాలున్నాయి. నవ్వే ముఖం, మామూలు ముఖం, ఏడుపు ముఖం. ముందుగా ఒకసారి ఇచ్చి చూస్తే అందరూ నవ్వే ముఖానికే టిక్కు పెట్టారు. ఏడుపు ముఖానికి పెడితే ఇంటికి మంచిది కాదన్నారు. ఇలాగైతే సారు నమ్మరు. రెండు రాత్రులు ఆలోచించి నేను సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టాను. వాళ్ళకి తెలిసిన వస్తువుతోనే, అక్షరాలతో పని లేకుండా, రహస్యంగా. రెండు పళ్ళేలు పెడతాను. ఒకదాంట్లో మంచి ఎర్ర కాయలు, ఇంకోదాంట్లో తాలు. కార్యక్రమం నచ్చినవాళ్ళు ఒక మంచి కాయ, నచ్చనివాళ్ళు ఒక తాలు కాయ తీసి, చిన్న కన్నం ఉంచి మూతికి గుడ్డ కట్టిన బిందెలో వేయాలి. అడ్డంగా చీర తెర. ఇది తాడేపల్లిలో శిక్షణ ఇచ్చేవాళ్ళే నా దగ్గర నేర్చుకోవలసిన పద్ధతి అని నాకు గట్టి నమ్మకం.

సారు వచ్చారు. నెమ్మదైన మనిషి, జేబులో రెండు పెన్నులు. నేను పద్ధతి వివరించాను, చాలా బాగుందమ్మా అన్నారు. చూపించడానికని మొదటి కాయ నేనే వేశాను. తర్వాత ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్ళి గంభీరంగా బయటికొచ్చారు. ఒకామె అలవాటు కొద్దీ సిరా చుక్క కోసం వేలు చాపింది. అందరూ అయ్యాక సారు స్వయంగా గుడ్డ విప్పి బిందెని చాప మీద బోర్లించారు.

అన్నీ తాలు కాయలే. మధ్యలో ఒకే ఒక ఎర్రకాయ మెరుస్తోంది. అది నాది.

సారు పాపం, పెన్ను మూత తీసి, ఏదో రాసి, మళ్ళీ మూత పెట్టారు. బస్సెక్కుతూ, ప్రజాభిప్రాయాన్ని గౌరవించాలి కదమ్మా, వచ్చే శనివారం తాళాలు పంచాయతీలో అప్పజెప్పండి అన్నారు. నాకు ఏడుపొచ్చింది. బెంగ కంటే కోపమే ఎక్కువ. చింతపిక్కలు అరగదీసుకొచ్చి కిందపడి దొర్లి నవ్వినవాళ్ళు, తెర వెనక నా గొంతు కోశారనుకున్నాను. ఇంటికెళ్ళి చెబితే నాన్నగారు, అందరూ ఒకే జవాబు రాశారంటే తప్పు ప్రశ్నలో ఉండొచ్చు, ఒకసారి చూసుకో అన్నారు. నా ప్రశ్నలో తప్పేమీ లేదని ఆయన మీద విసుక్కున్నాను.

శనివారం తాళాలు అప్పజెప్పడానికి వెళ్ళాను. నాలుగు దాటింది. హాలు మెట్ల మీద పాతిక మందీ కూర్చుని ఉన్నారు, చేతులు సబ్బుతో కడుక్కుని మరీ. పెద్దావిడ మూసిన తలుపుకే వీపు ఆనించి కాళ్ళు చాపుకుంది. ఇంత ఆలస్యమేంటి మేడం, నాలుగింటికి వదలాలని పొద్దున అరగంట ముందే కల్లంలో దిగాం అంది మేస్త్రి.

నాలో ఉన్నదంతా అప్పుడు కక్కేశాను. ఇష్టం లేకపోతే మొహం మీదే చెప్పాల్సింది, సారు ముందు పరువు తీయడం ఎందుకు, బిందె నిండా తాలు పోసి ఇప్పుడు తాళం తీయమంటే ఎలా అని. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి మేస్త్రి, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"మంచి కాయ పారేసే బిందెలో వేస్తామా మేడం? ఏరి అవతల పడేసేది తాలుని గదా. మీరేదో లెక్కకి ఒక్కో కాయ వేయమన్నారు, వేశాం. మంచివి ఊరికే పోతయ్యని కొంగున కట్టుకున్నాం. పచ్చట్లోకి ఎంత బాగున్నయ్యనుకున్నారు!"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు తెర వెనక తాలు పళ్ళెంలోనే కాదు, మంచి కాయల పళ్ళెంలో కూడా ఒక్క కాయ మిగల్లేదు. నేను బిందె వంకే చూస్తూ దాన్ని పట్టించుకోలేదు. ఏళ్ళ తరబడి తాలు ఏరి అవతల పడేసిన చేతులకి ఒక బిందె చూపించి, మీకు నచ్చిందే అందులో వేయమని నేను చెప్పాను. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ కళ్ళు మళ్ళీ మండాయి, ఈసారి మిరపకాయలేమీ లేవు.

ఈ గంట పోతుందని మాత్రం చెప్పక తప్పలేదు. పై ఆఫీసు నిర్ణయం అయిపోయిందని, తాళాలు ఇవ్వడానికే వచ్చానని చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. అన్నాళ్ళూ అడిగితే తప్ప నోరు విప్పని పెద్దావిడ అప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"మీ సారుతో చెప్పమ్మాయ్. ఇంట్లో ఒక్క నిమిషం ఊరికే కూర్చుంటే ఒంట్లో బాలేదా అని అడుగుతారు. కల్లంలో కూర్చుంటే పని చెబుతారు. ఇక్కడైతే ఎవరూ ఏమీ అడగరు. నేను వచ్చేది అందుకే."

సర్వే కాగితం నా సంచీలోనే ఉంది. తీసి చూడాల్సిన అవసరం లేకపోయింది. నేను అడ్డగీత కొట్టిన జవాబు ఎవరిదో, ఏమిటో నాకు గుర్తుంది. ప్రతి శనివారం నేను సున్నా వేసిన మనిషికే ఆ గంట అందరికంటే ఎక్కువ కావాలి. నాకు నిజంగా సిగ్గేసింది. తాళం తీశాను. ఆవిడ లోపలికెళ్ళి తన గోడ దగ్గర కూర్చుంది.

ఆ రాత్రి సారుకి మూడు పేజీల ఉత్తరం రాశాను. బిందె సంగతి, పచ్చడి సంగతి, గోడ దగ్గర పెద్దావిడ చెప్పిన మాట, ఉన్నదున్నట్టు. నాన్నగారు చదివి రెండుచోట్ల అక్షరదోషాలు దిద్దారు, మార్కులు వేయలేదు. పది రోజులకి జవాబు వచ్చింది. సీజను అయ్యేదాకా కార్యక్రమం కొనసాగించవచ్చు. అయితే ఒక సందేహం ఉందట: ఊరికే కూర్చోవడం వినోద కార్యక్రమం ఎలా అవుతుందో, దాని లక్ష్యమేమిటో, ఎలా కొలుస్తారో ఒక పేజీకి మించకుండా వివరణ పంపగలరు.

ఆ వివరణ నేనింకా పంపలేదు. ప్రతి శనివారం రాద్దామనే కాగితం, పెన్నూ పట్టుకుని వెళ్తాను. అష్టాచెమ్మా మొదలయ్యాక పెద్దావిడ పక్కన గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. ఆవిడ ఏమీ అడగదు. ఐదు కాగానే ఇద్దరం లేస్తాం, కాగితం తెల్లగానే ఉంటుంది.