ఫైరింగ్ రేంజిలో ఉల్లిపాయ వాసన

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. సైన్యంలో ఉన్నన్నాళ్లూ ఎండకీ దాహానికీ భయపడ్డాను గానీ ఇంక దేనికీ భయపడలేదు. రిటైరై గురజాల దగ్గర మా ఊళ్లో మిర్చి వేసుకుంటున్నాను. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. అయినా ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి మాత్రం ఎటునుంచి చూసినా నాకు అంతుపట్టడం లేదు.

అప్పుడు రాజస్థాన్ ఎడారిలో ఒక శిక్షణ శిబిరంలో ఉన్నాను. చుట్టూ ఇసుక, ముళ్లపొదలు. ఫోన్ సిగ్నల్ ఉండదు. ట్యాంకరు వస్తేనే నీళ్లు. ఏప్రిల్ వచ్చేసరికి రైఫిల్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. కొత్త కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చే ఉస్తాదును నేను. కఠినంగా ఉంటేనే మంచి ఉస్తాదునని అనుకునేవాణ్ని.

బిరంచి అని ఒడిశా కుర్రాడు ఉండేవాడు. బక్కపలచన. ఆ రోజు సీసాలో నీళ్లన్నీ పొద్దున్నే తాగేశాడని నాకు కోపం వచ్చింది. రేంజి చివర టార్గెట్లు నిలబెట్టే గోడ ఉంది. పిలిచేదాకా అక్కడే నిలబడమని పంపాను. ఇంతలో పెద్ద అధికారి తనిఖీకి వచ్చాడు. ఆయన వెంట తిరిగాను. ఆయన వెళ్లాక భోంచేసి గుడారంలో నడుం వాల్చాను. కుర్రాణ్ని మరిచిపోయాను.

గుర్తొచ్చి పరుగెత్తాను. బిరంచి గోడ పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. ఊపిరి ఉంది. బూట్లు విప్పి పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. అరికాళ్లు తడిగా ఉన్నాయి. దగ్గరికి వంగితే పచ్చి ఉల్లిపాయ వాసన కొట్టింది.

వడదెబ్బ తగిలితే అరికాళ్లకు ఉల్లిపాయ రసం రుద్దడం మా పల్నాడులో అందరికీ తెలుసు. అక్కడ ఎవరు రుద్దుతారు? గొర్రెల కాపరులేమో అనుకున్నాను. కానీ ఫైరింగ్ రోజు ఎర్రజెండాలు కట్టి ఎవర్నీ రానివ్వరు. ఇసుకలో వాడి బూటు గుర్తులూ నావీ తప్ప ఇంకో అడుగు లేదు.

ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. పరుగు ప్రాక్టీసులో పడిపోయాడని పైవాళ్లకు చెప్పాను. బిరంచి నన్ను చూసి భయపడి అవునన్నాడు. తర్వాత నాతో ఒక్కడితోనే చెప్పాడు, ఎవరో ఆడమనిషి వచ్చిందని. చీర మీద ఫౌజీ చొక్కా వేసుకుందట. ఆమె చేతులు తగిలినచోటల్లా కారం పూసినట్టు మంట పుట్టిందట. జ్వరంలో కలవరింత అనుకున్నాను.

ఆ తర్వాతి వారం సెలవు మీద ఇంటికొచ్చాను. మా ఆవిడ మిర్చి కల్లంలో ఉందంటే అటే వెళ్లాను. నా పాత యూనిఫాం చొక్కా చీర మీద వేసుకుని కాయలు ఏరుతోంది. నన్ను చూస్తూనే, ఎట్టా ఉన్నావని కూడా అడగకుండా అంది:

"ఆ పిల్లోడు బతికాడా మావా?"

ఏ పిల్లోడన్నాను.

"అదే, గోడ కాడ పడిపోయినోడు. ఎంత అరిచినా నువ్వు రాకపోతివి."

కూలికొచ్చి పక్కన కూర్చున్న కోటమ్మత్త అందుకుంది. "మొన్న శుక్రవారం కూసున్నకాడే కునుకు తీసిందిరా నీ పెళ్లాం. లేచి, సద్దిలో ఉల్లిపాయ ఏదీ అని మా అందరి మూటలూ ఎతికింది. తినేసి మర్చిపోయి మమ్మల్ని దొంగల్ని చేసింది!"

"తింటే నోరు కంపు కొట్టదా? నువ్వేగా అత్తా వాసన చూసింది!"

బిరంచి పడిపోయింది శుక్రవారమే. ఆ సంగతి నేను ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి నడుస్తుంటే మా ఆవిడ అడిగింది. "మీ దొరకి నిజం చెప్పావా?"

లేదన్నాను. ఆమె గబగబా ముందుకు నడిచింది. సెలవున్నన్నాళ్లూ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

తిరిగి వెళ్లగానే అధికారి ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. శిక్ష వేశారు, ఉస్తాదు పని నుంచి తీసేశారు. బిరంచి దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. వాడు ఏడ్చాడు. క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

కలే అయితే గోడ ఎలా తెలిసింది? వాడి అరికాళ్లకు ఆ వాసన ఎక్కడిది? కోటమ్మత్తను కూడా విడిగా కూర్చోబెట్టి అడిగాను. అదే మాట చెప్పింది. మొన్న మళ్లీ కల్లంలో మా ఆవిణ్నే పట్టుకున్నాను.

"ఏమే, అసలు అంత దూరం ఎట్టా పోయావే?"

కాయలు ఏరుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"నాకేం తెలుసు మావా. పోవాల్సినోడు పోకపోతే ఎవురో ఒకరు పోవాలగా."

ఎలా జరిగిందో ఆ జవాబుతో నాకేమీ తేలలేదు. ఇంకోసారి అడగడానికి మాత్రం మొహం చెల్లలేదు.