పైగొంతు కోసం ఆగిన ఎల్‌వుడ్

ఎల్‌వుడ్ గాస్కిన్స్ నోరు విప్పితే మా వీధిలో కిటికీ అద్దాలు గుయ్యిమనేవి. నిజమండీ! పొద్దున్నే తన ఇంటి మెట్ల మీంచి "ఏం టీచరమ్మా, లేచావా?" అంటే నా కాఫీలో అలలు లేచేవి. మనిషా, చీపురుపుల్ల. అంత లావు గొంతు ఆ ఒంట్లో ఎక్కడ దాచుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. మూడో క్లాసు పిల్లలకి ఎక్కాలు చెప్పీ చెప్పీ నా గొంతు బొంగురుపోయింది గానీ, జీవితమంతా లాండ్రీలో ఆవిరి మధ్య నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేసినా ఆయన గొంతుకి ఒక్క ముడత పడలేదు.

ఆయనా, మాకు రెండిళ్ళ అవతల ఉండే క్లియోఫస్ యాన్సీ, ఇంకా రూడెల్, థాడ్, నలుగురూ కుర్రాళ్ళప్పుడు రైలు వంతెన కింద చేరి పాడేవాళ్ళు. అక్కడైతే గొంతు రెండింతలై తిరిగొస్తుంది కదా. వాయిద్యాలేవీ? నోళ్ళే వాయిద్యాలు. డూ-వాప్ పాటలంటే అంతేగా! ఎల్‌వుడ్ అడుగున డుమ్ డుమ్ అంటూ నేల పరిస్తే, మిగతా ఇద్దరూ మధ్యలో గోడలు కట్టేవాళ్ళు, పైన క్లియోఫస్ గొంతు పావురంలా ఎగిరేది. వాళ్ళకి సొంత పాట ఒకటుండేది, క్లియోఫస్ కట్టిందే. మా వీధి ఆడపిల్లలం సగంమంది ఆ పాట వింటూనే ప్రేమల్లో పడ్డాం, కొందరం ఆ పాట వింటూనే బుద్ధి తెచ్చుకున్నాం కూడా. నా సంగతి వదిలేయండి.

పెళ్ళిళ్ళయ్యాక వంతెన కింద నుంచి వీధి మెట్ల మీదకొచ్చారు. ఎండాకాలం శుక్రవారం సాయంత్రమైతే వాళ్ళు మెట్లమీద, మేం మా మెట్లమీద. అప్పుడు రూడెల్ పోయాడు. వాడి తమ్ముడొచ్చి, నేను పాడతానన్నాడు.

"వద్దు" అన్నాడు ఎల్‌వుడ్. "ఎవడి స్వరం వాడిది. రూడెల్ చోటు ఖాళీగానే ఉంటుంది."

అంతే, అదే కట్టడైపోయింది. రూడెల్ పాడే చోట ముగ్గురూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఆ ఖాళీలో మాకు రూడెల్ వినిపించేవాడంటే నమ్ముతారా? తరవాత థాడ్ కూడా పోయాడు. ఇక అడుగూ పైనా మిగిలాయి. "నేలుంది, కప్పుంది, గోడల్లేని కొంపయిపోయిందిరా మన పాట" అని క్లియోఫస్ నవ్వేవాడు. అయినా జనం వచ్చేవాళ్ళు. పక్క వీధుల్లోంచి కుర్చీలు మోసుకుని మరీ. కొత్త పాటలు ఎన్నొచ్చినా ఆ ముసలాళ్ళ పాట కోసం ఎందుకొస్తారని ఒకావిడ్ని అడిగితే, "అందులో మా అమ్మ ఇంకా కుర్రదే టీచరమ్మా" అంది. 

ఆ కట్టడి వల్లే, రూడెల్ పోయిన కొత్తల్లో, ఒక శుక్రవారం పెద్ద గొడవైంది. క్లియోఫస్‌కి జలుబు చేసి గొంతు పెగల్లేదు. సరిగ్గా వాడి చోటు రాగానే మేడమీద కిటికీలోంచి పాట దిగొచ్చింది. వాళ్ళమ్మాయి వెర్లీన్, ఇంకా హైస్కూలు పిల్ల. అచ్చం నాన్న గొంతే, ఇంకాస్త తేనె పోసినట్టు. వీధిలో తాడాట ఆడుతున్న పిల్లలు తాడు వదిలేశారు.

"ఆపు!" అని గర్జించాడు ఎల్‌వుడ్. "అది మీ నాన్న స్వరం. ఆయన బతికుండగానే లాక్కుంటావా? సిగ్గులేదూ?"

వీధంతా చూస్తుండగా. కిటికీ మూసుకుంది. ఆ పిల్ల చర్చి బృందంలో కూడా మళ్ళీ పాడలేదు. క్లియోఫస్ పైకి ఏమీ అనలేదు, స్నేహం అలాంటిది మరి.

పోయిన చలికాలం క్లియోఫస్ మంచం పట్టాడు. చివర్లో ఎల్‌వుడ్ చెయ్యి పట్టుకుని, "ఒరే, నా చోటు ఖాళీగా వదలకురా. వాళ్ళిద్దరికీ వదిలినప్పుడు ఆ నిశ్శబ్దం విన్నాను. నాకు భయంగా ఉంది" అన్నాడట. ఎల్‌వుడ్ మాటిచ్చాడు. మర్నాటికి క్లియోఫస్ లేడు.

ఇచ్చాడు సరే, పాడేదెవరు? ఆ పైస్వరం నిండుగా వచ్చిన మనిషి, ఆ గొంతున్న మనిషి, ఒక్క వెర్లీనే. ఇప్పుడు బస్సు నడుపుతోంది, మనవరాలు కూడా ఉంది. నన్ను తోడు తీసుకుని వాళ్ళింటికెళ్ళాడు ఎల్‌వుడ్. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా వెర్లీన్, రేపు చర్చిలో మీ నాన్న చోట నువ్వు పాడాలి."

"అది నాన్న స్వరం కదా బాబాయ్."

"ఆ మాట నేనే అన్నాను. తప్పే తల్లీ. నా నోరు పడిపోనూ."

"నీ నోరు బానే ఉంది బాబాయ్. పడిపోయింది నాది." కోపంగా కూడా అనలేదండీ, బస్సులో తరవాతి స్టాపు పేరు చెప్పినట్టు చెప్పింది. "చిన్నప్పుడు కోపముండేది. తరవాత అదీ పోయింది. పాడదామని నోరు తెరిస్తే నువ్వే వినిపిస్తావు, 'ఆపు' అని. కాఫీ తాగుతారా?"

"ఒసేయ్, మీ నాన్న కోసమే" అన్నాను నేను.

"టీచరమ్మా, క్లాసులో పిల్లాణ్ణి మూలన నించోబెట్టి ఆ సంగతే మర్చిపోతే, వాడు మూలనే పెరుగుతాడు" అంది. 

మర్నాడు చర్చి కిటకిటలాడింది. ఎల్‌వుడ్ తన చేత్తో ఇస్త్రీ చేసుకున్న నల్లసూటు వేసుకుని శవపేటిక పక్కన నిలబడ్డాడు. మొదలెట్టాడు: డుమ్, డుమ్, డుమ్. బల్లల కింద చెక్క అదిరింది. క్లియోఫస్ చోటు వచ్చింది. వెర్లీన్ వైపు తిరిగి ఆగాడు. ఆమె రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని పేటిక వైపే చూస్తోంది. ఆయన మళ్ళీ మొదటికొచ్చాడు. డుమ్, డుమ్. మళ్ళీ ఆగాడు. మళ్ళీ వచ్చాడు. చర్చిలో ఆ పాట రానివాళ్ళు లేరు, అందరి పెదాలూ కదులుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. ఖాళీని గౌరవించడం ఆయనే నేర్పాడు కదా మాకు! అంత బుద్ధిగా నేర్చుకున్నాం. చివరికి పాస్టరుగారు లేచి ఆయన భుజం మీద చెయ్యేస్తే గానీ ఆపలేదు.

శ్మశానం నుంచి వచ్చాక చర్చి నేలమాళిగలో భోజనాలు. వేయించిన కోడి, మాకరోనీ, ఆకుకూర, చిలగడదుంప తీపిరొట్టె. ఎల్‌వుడ్ కంచం అలాగే ఉంది. "మాట తప్పాను టీచరమ్మా. వాణ్ణి ఆ నిశ్శబ్దంలోనే దింపేశాను" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. తాకని ఆ కంచం లోపల పెట్టొద్దామని లేచాడు. నేనూ వెనకే వెళ్ళాను.

వంటగదిలో కుళాయి హోరుమంటోంది. వెర్లీన్ మాకు వీపు పెట్టి గిన్నెలు కడుగుతోంది. ఆ నీళ్ళ హోరు కింద ఏదో సన్నగా. పాటే. క్లియోఫస్ చోటు, మొదటి నుంచీ చివరి దాకా, ఒక్క స్వరం తప్పకుండా. తను పాడుతున్నట్టు తనకైనా తెలుసో లేదో.

 ఎల్‌వుడ్ ఛాతీ నిండా ఊపిరి పీల్చాడు. ఆగలేకపోయాడు, ఎలా ఆగుతాడు చెప్పండి? మెల్లిగా, అడుగునుంచి, డుమ్ అన్నాడు.

వెర్లీన్ పాట తెగిపోయింది. వెనక్కి తిరగలేదు. తడిచేత్తో కుళాయి కట్టేసి, కడిగిన గిన్నె మీద గిన్నె బోర్లించి, అటువైపు తలుపులోంచి వెళ్ళిపోయింది.

"పిలవవయ్యా!" అన్నాను.

ఆయన పిలవలేదు. కుళాయి నుంచి చుక్కలు పడుతుంటే, పైగొంతు రావలసిన చోటల్లా ఆగుతూ, డుమ్, డుమ్ అంటూ అక్కడే నిలబడ్డాడు. కంచం నేనే తీసుకున్నాను.