దిగడం నా పని

మా అత్తని బిల్డింగంతా మోటారమ్మ అంటుంది. ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదు కానీ, ఆవిడకి మాత్రం అది పెద్ద బిరుదే. మాది నాలుగంతస్తుల బిల్డింగు. మేముండేది అన్నిటికంటే పైన. నీళ్ళ ట్యాంకు మా నెత్తి మీద, మోటారు స్విచ్చేమో కింద మెట్ల పక్కన. మేం కాపురానికొచ్చిన కొత్తలో ఆ స్విచ్చు ఎవరు వెయ్యాలో తేలక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఓ రోజు ట్యాంకు ఎండిపోయేది, మరో రోజు పొంగి గోడలు తడిసేవి.

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసి రిటైరైన మా అత్తకి ఆ గోల నచ్చలేదు. ఎవరూ అడక్కుండానే పొద్దున్నే దిగి స్విచ్చు వేసి, పైకొచ్చి ట్యాంకు చప్పుడు వింటూ కూర్చునేది. నిండగానే మెట్ల దగ్గర నిలబడి "కట్టెయ్యండి" అని ఒక్క కేక పెట్టేది. కింది ఫ్లోరు లాయరుగారి తలుపు స్విచ్చు పక్కనే కాబట్టి ఆయన వచ్చి కట్టేసేవాడు. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరికీ ఉన్న పరిచయం ఆ కేకే.

పోయినేడాది, ముందు లిఫ్టు పాడైంది, వెనకాలే అత్త మోకాలు పాడైంది. ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రివాళ్ళు స్ట్రెచర్ మీద పైకి చేర్చి, ఇక మెట్లు ఎక్కొద్దని చెప్పి పోయారు. అంటే లిఫ్టు బాగైతే తప్ప ఆవిడ మళ్ళీ వీధి మొహం చూడదన్నమాట. స్విచ్చు పని నా మెడకు చుట్టుకుంది. అత్త మంచం మీద కూర్చుని, నేను పైకొచ్చేసరికి కింద ఎవరెవరు కనిపించారో, ఏమన్నారో గుచ్చిగుచ్చి అడిగేది. నాకు ఒళ్ళు మండేది, వెంటనే జాలేసేది.

లిఫ్టు బాగు చేయించడానికి మీటింగు పెట్టారు. లాయరుగారు చల్లగా, తను లిఫ్టు ఎక్కడు కాబట్టి తన వాటా ఇవ్వక్కర్లేదన్నాడు. మొదటి అంతస్తువాళ్ళు తలూపారు. మూడో అంతస్తు టైలరు, రెండో అంతస్తు బస్సు డ్రైవరు ఎంత చెప్పినా మాట చెల్లలేదు.

నేను ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తి పడేశాను. లాయరుగారి కుళాయిలో వచ్చే నీళ్ళు మన నెత్తి మీంచి దిగేవే కదా, రేపట్నించి మోటారు వెయ్యను, దెబ్బకి దారికొస్తారన్నాను.

"ఆపితే నేనూ ఆ లాయరులాంటిదాన్నే అవుతాను," అంది అత్త. "నీళ్ళు ఆపకు. పొద్దున నేనే దిగుతాను."

డాక్టరు వద్దన్నాడుగా అంటే, ఎక్కొద్దన్నాడు గానీ దిగొద్దనలేదు అంది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళని నేను చూడలేదు.

అన్నట్టే మర్నాడు చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, మొదటి మెట్టు మీద చతికిలబడింది. చేతులు ఆనించి కిందిమెట్టుకి జారింది. మళ్ళీ ఇంకో మెట్టు. నేను వెనకాలే చెక్క కుర్చీ పట్టుకుని ఏడుస్తూ దిగాను. కిందికి చేరాక ఆవిడ స్విచ్చు వేసి, కుర్చీ లాయరుగారి గుమ్మం ముందు వేయించుకుని కూర్చుంది. కోర్టుకి బయల్దేరుతూ తలుపు తీసిన ఆయనకి ఎదురుగా మా అత్త.

"దిగడం నా పని, దిగాను. ఎక్కించడం మీ పని," అంది.

గొంతులో కోపం లేదు. కానీ కదిలే ఉద్దేశమూ లేదు. డ్రైవరు, టైలరు వచ్చి కుర్చీ చెరో పక్కా పట్టుకున్నారు. ఇంకో చెయ్యి కావాలి. లాయరుగారు అటూ ఇటూ చూసి, నల్లకోటు విప్పి నా చేతికిచ్చాడు.

మూడో అంతస్తు చేరేసరికి ఆయనకి ఆయాసం ముంచుకొచ్చింది. కుర్చీ దించి, మొహం తుడుచుకుని, "రేపట్నించి స్విచ్చు నేను వేస్తాను పిన్నిగారూ. మీరు దిగక్కర్లేదు," అన్నాడు.

గెలిచాం అనుకున్నాను నేను. అత్త తల అడ్డంగా ఊపింది.

"వద్దు నాయనా. మీరు వెయ్యగలరు, నాకు తెలుసు. కానీ నాతో పని లేకపోతే, పైన ఓ మనిషుందని మీలో ఎవరికి గుర్తుంటుంది? నేను రోజూ దిగుతాను. మీరు రోజూ ఎక్కించండి."

ఆయన వంగి మళ్ళీ కుర్చీ పట్టుకున్నాడు. ఆపరేషన్ అయినప్పట్నించీ ఆవిడ భయం అదేనని, ఒకే ఇంట్లో ఉంటూ కూడా నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఎవరో తలుపు తట్టారు. తీస్తే లాయరుగారు, ఆయన వెనక డ్రైవరు, టైలరు. అన్నేళ్ళలో ఆయన మా గడప దాకా రావడం అదే మొదలు. ఆయాసపడుతూనే లోపలికొచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"కూర్చోండి పిన్నిగారూ. మెట్ల మీద జారకండి, మేమే దించుతాం."

అత్త కూర్చుంది. కుర్చీ లేపబోతూ ఆయన డ్రైవరు వైపు తిరిగి, లిఫ్టు మెకానిక్ నంబరు ఉందా అని మెల్లగా అడిగాడు.

"ఆ సంగతి దారిలో మాట్లాడుకోండి," అంది అత్త. "ముందు నన్ను దించండి, ట్యాంకు ఖాళీగా ఉంది."