అసూయతో పెడన దాకా: ఒక జాజ్ శ్రోత ప్రయాణం

ముందే చెబుతున్నాను, ఈ ప్రయాణం సంగీతం మీద ప్రేమతో చేసింది కాదు. కుళ్ళుతో చేసింది.

విజయవాడలోనూ చుట్టుపక్కలా జాజ్ వినేవాళ్ళం ఓ ముప్పై మందిమి ఉంటాం. మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే: "ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారండీ?" నిన్నమొన్నటి దాకా దానికి జవాబు చెప్పేవాణ్ణి నేనే. ఏ ఆల్బమ్ ముందు, ఏది తర్వాత, ఎవరు ఏం వాయించారు, ఎక్కడ చెవి ఒగ్గాలి, అన్నీ వివరంగా రాసేవాణ్ణి. పెడన నుంచి వీరభద్రరావు గారనే నేతబట్టల వ్యాపారి చేరాక నా పెద్దరికం కాస్తా పోయింది. ఆయన ఒక రికార్డు అట్ట ఫొటో పెడతాడు. కింద ఒక్క ముక్క రాస్తాడు: "వాన వెలిశాక వినండి." అంతే, జనం ఎగబడి మెచ్చుకుంటారు. నా సలహాలకు మొక్కుబడిగా ఒకటో రెండో బొటనవేళ్ళు.

ప్రతి ఆదివారం మా ఇంటికి రికార్డులు వినడానికి వచ్చే మిత్రుడు కూడా "పెడన వెళ్ళొచ్చానండీ, మీరూ ఒకసారి చూడాలి" అనేసరికి నాకు ఒళ్ళు మండింది. అక్కడేముందో తేల్చుకుందామని బయల్దేరాను. నా భార్య ఇందిర తనూ వస్తానంది. సంగీతం కోసం కాదు, చీరల కోసం. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయినా ఆమె నా పక్కన కూర్చుని ఒక్క రికార్డు పూర్తిగా విన్న పాపాన పోలేదు. గ్రూపులో అందరూ నన్ను మెచ్చుకున్న రోజుల్లో కూడా ఆ వెలితి నాకు ఉండనే ఉంది.

ఆదివారం పొద్దున్నే పటమటలో ఆటో ఎక్కి స్టేషన్‌కు చేరాం. ఏడింటి లోపే మచిలీపట్నం ప్యాసింజరు కదిలింది. ఈ దారిన వెళ్ళదలచినవారు ఇడ్లీలు స్టేషన్లోనే తినేయడం మంచిది. మాకు కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా బైబిలు పట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆదివారం ఆరాధనకు గుడివాడ వెళ్తున్నాడట. నా ఒళ్ళో ఉన్న సంచీ చూసి అడిగాడు.

"ఏంటండీ, అంత జాగ్రత్తగా పట్టుకున్నారు?"

"రికార్డులండీ. జాజ్ రికార్డులు."

"మా చర్చిలో కుర్రాళ్ళు శాక్సఫోను వాయిస్తారండీ. అలాంటిదేనా?"

అడిగాడు కదా అని మొదలుపెట్టాను. బ్యాండు మేళానికీ జాజ్‌కూ తేడా, పియానోకు బేసు ఎలా దారి ఇస్తుంది, ట్రంపెట్ వాయించే మనిషి ఎక్కడ ఆగుతాడు, అన్నీ చెప్పాను. కాసేపటికి ఆయన కళ్ళు మూసుకున్నాడు. లీనమయ్యాడనుకున్నాను. ఇందిర నా మోచెయ్యి గిల్లి, "పడుకున్నారండీ ఆయన" అంది.

తొమ్మిది దాటాక పెడనలో దిగాం. వస్తున్నామని ముందే చెప్పి ఉండటంతో వీరభద్రరావు గారు స్కూటర్ మీద ఎదురొచ్చాడు. పొట్టి మనిషి, చొక్కా చేతులు పైకి మడుచుకుని ఉన్నాడు. నన్ను చూడగానే చేతులు జోడించి, "గురువుగారూ, మీరు రావడం మా అదృష్టమండీ" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఇంత మర్యాదస్థుడి మీద ఎలా కుళ్ళుకోవాలో తెలియక ఇంకా మండింది.

వాళ్ళ వసారాలో రెండు మగ్గాలున్నాయి. ఏదో పెళ్ళివారి ఆర్డరట, ఆదివారం కూడా నేస్తూనే ఉన్నారు. ఆ టకటకల పక్కగదిలోనే ఆయన రికార్డులు పెడతాడు. జాజ్ వినేచోట సూది పడినా వినపడాలన్నది నా నియమం. ఇక్కడ కాఫీలు వస్తున్నాయి, పక్కింటావిడ తొంగి చూసి వెళుతోంది, ఎవరూ ఎవరినీ ఉష్ అనరు.

నేను ఊరుకోలేక నా సంచీ తీశాను. కొత్తవాళ్ళు మొదట ట్రంపెట్, రెండు శాక్సఫోన్లు ఉన్న చిన్న బృందం నెమ్మదిగా వాయించింది వినాలి, తర్వాత పియానో, బేసు, డ్రమ్ములతో ముగ్గురి కచేరీ, ఆ పైన పెద్ద బ్యాండు, గాయని ఆఖరున. నా క్రమం ఇది. పేర్లు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే రేపు పొద్దున్నే ఆయన వాటి ఫొటోలు గ్రూపులో పెట్టుకుంటాడు. వీరభద్రరావు గారు అంతా తలూపుతూ విని, "మాకంత తెలీదండీ. చెవికి బాగున్నది పెట్టుకుంటాం" అన్నాడు.

నిజంగానే ఆయనకు తెలియదు. పియానో వాయించినతని ఊరు తప్పు చెప్పాడు. ఒక పాటలో డ్రమ్ములు వాయించినతని పేరు మరొకరికి అంటగట్టాడు. నేను సరిదిద్దితే సంతోషంగా ఒప్పుకుని, అయిదు నిమిషాల్లో మళ్ళీ అదే తప్పు చెప్పాడు. ఇలాంటి మనిషి మాట విని జనం రికార్డులు కొంటున్నారా అని నాకు కడుపు రగిలిపోయింది.

అప్పుడు ఆయన ఇందిర వైపు తిరిగి, "అమ్మా, వంట పనయ్యి, ఇంకా ఎవరూ భోజనానికి రాకముందు కాస్త ఖాళీ ఉంటుంది చూడండి. ఇది అప్పుడు వినేదండీ" అని ఒక రికార్డు పెట్టాడు. టెనర్ శాక్సఫోను, చాలా నెమ్మది పాట. ఇందిర చీరల మూట విప్పబోతూ ఆగింది. పాట సాంతం అలాగే కూర్చుంది.

"ఆయన ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడుతోందండీ" అంది. నాతో కాదు, వీరభద్రరావు గారితో. "ఇంకోసారి పెడతారా?"

ఆ ఊపిరి చప్పుడు రికార్డింగు లోపమని నేను గ్రూపులో రాసి ఉన్నాను. ఆయన మళ్ళీ సూది మొదట్లో పెట్టాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇన్నేళ్ళూ నేను అడిగినా దొరకని వరాన్ని ఆయన కాఫీ తాగుతూ పట్టేశాడు.

గుత్తివంకాయ, ముద్దపప్పు, గడ్డపెరుగుతో కమ్మటి భోజనం పెట్టారు. నాకు రుచించలేదు. ఇందిర రెండు చీరలు తీసుకుంది. మూడింటికి ఆటోలో మచిలీపట్నం వెళ్ళి విజయవాడ బస్సు ఎక్కాం. పామర్రు దాకా ఇందిర కిటికీకి తల ఆనించి ఆ పాటే కూనిరాగం తీసింది. రెండు చోట్ల స్వరం తప్పింది. సరిదిద్దాలని నాలుక దురద పెట్టింది. ఎలాగో ఆపుకున్నాను.

ఉయ్యూరులో బస్సు ఆగినప్పుడు అడిగింది. "అలాంటిది మనింట్లో ఒక్కటీ లేదేంటండీ?"

"అలాంటిది కాదు, అదే ఉంది" అన్నాను. "పెళ్ళయిన కొత్తలో నీకోసమే కొన్నాను. పెడితే మధ్యలో లేచి వెళ్ళిపోయావు."

ఇందిర నావైపు తిరిగింది.

"పాట మధ్యలో కాదండీ. మీరు చెబుతుండగా లేచాను. పాట అసలు మొదలే పెట్టలేదు మీరు."

కంకిపాడు దాటే దాకా ఆ రోజు నేనేమేం చెప్పానో గుర్తు తెచ్చుకున్నాను. పెడన చూడదగ్గ ఊరే. వీరభద్రరావు గారి మీద నా కుళ్ళు మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. కాకపోతే, పటమటలో దిగి ఇంటివైపు నడుస్తూ, ఆ శాక్సఫోను వాయించినతని గురించి ఇందిరకు చెప్పాల్సిన సంగతులు ఎన్నో నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ చెప్పలేదు.