ఫోటో స్టూడియోలో చంద్రుడి నేల

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్న ప్రతివాళ్లకీ "నవ్వొద్దు, నవ్వొద్దు" అని చెప్పీ చెప్పీ, చివరికి నవ్వొద్దక్కగా స్థిరపడిపోయింది. మేడ మీద ఇల్లు, కింద స్టూడియో. భర్త ఉన్నన్నాళ్లూ ఆయన కెమెరా వెనక, ఆవిడ దీపాల పక్కన ఉండేవాళ్లు. ఆయన పోయాక రెండు పనులూ ఆవిడ మీదే పడ్డాయి. గోడకి ఇప్పటికీ ఒక పాత తెర చుట్టి వేలాడుతుంటుంది. విప్పితే మంచుకొండలు. ఊరు దాటి ఎరగని వాళ్లెందరో అరువు కోటు తొడుక్కుని ఆ కొండల ముందు నిలబడి, చుట్టాలకి ఫోటోలు పంపుకున్నారు. అందుకే తమ్ముడు అక్కని అబద్ధాల ఫ్యాక్టరీ ఓనరని ఏడిపించేవాడు.

తమ్ముడు బస్సు డ్రైవరు. సెలవు రోజున భార్యను వెంటబెట్టుకొచ్చి, అక్క చేతి భోజనం చేసి, కస్టమర్లు కూర్చునే సోఫాలో నడుం వాల్చడం అతని అలవాటు. అలా వాలినవాడే ఒకరోజు లేచి ఫోను తెచ్చి అక్క ముఖం ముందు పెట్టాడు. మనుషులు చంద్రుడి మీద దిగారన్నది కట్టుకథ అనీ, అంతా ఏదో స్టూడియోలో తీసిందేననీ వీడియోలో ఒకాయన గొంతు చించుకుంటున్నాడు. సాక్ష్యంగా ఒక ఫోటో. అందులో రాళ్ల నీడలు ఒకలా, వాహనం నీడ ఇంకోలా వాలి ఉన్నాయి.

"సూర్యుడు ఒక్కడే అయితే నీడలన్నీ ఒకే వైపు పడాలిగా అక్కా? లైట్ల సంగతి నీకు తెలియనిదేముంది, నువ్వు చెప్పు."

నవ్వొద్దక్క కళ్లజోడు పైకి తోసుకుని చూసింది. నీడలు నిజంగానే కలవడం లేదు. రెండు లైట్లు పెట్టినట్టుందే అని నోరు జారింది. తమ్ముడికి అంతకంటే ఏం కావాలి? మర్నాటికల్లా ఆ మాట డిపో అంతా పాకింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ లైట్ల మధ్య బతికిన మా అక్కే ఒప్పుకుందని కండక్టర్ల దగ్గరా మెకానిక్కుల దగ్గరా చాటింపు వేశాడు.

ఇక్కడ అక్కకి మాత్రం మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. రెండు లైట్లు పెడితే మనిషికి రెండు నీడలు పడాలి కదా. ఒకటి వెలిగించి రెండోది మరిచిపోతేనే ఒక్క నీడ పడుతుంది. ఆ ఫోటోలో రాయికొక నీడ, వాహనానికొక నీడ, అంతే. ఈ మాట నిన్న ఎందుకు తట్టలేదా అని తనను తానే తిట్టుకుంది. పొద్దున్నే బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కితే, తీగ కట్టిన ఇనుప గొట్టాల నీడలు నేలమీద చక్కగా పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. తడిబట్టల బకెట్టు అక్కడే వదిలేసి కిందికి వెళ్లి కెమెరా తెచ్చింది. ఒక మూల నుంచి తీసి చూసుకుంటే అవే నీడలు ఫోటోలో ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. పిట్టగోడ మీద పడ్డ నీడైతే ఏకంగా విరిగిపోయినట్టే ఉంది. ఇన్నేళ్లుగా కళ్లెదుట ఉన్నది ఒక్కసారీ పట్టించుకోలేదని ఆవిడకి సిగ్గూ వేసింది, సరదాగానూ ఉంది.

తమ్ముడికి ఫోన్ చేసి చెబితే అతనికి చిర్రెత్తుకొచ్చింది. నిన్నొక మాట ఇవాళొక మాట అంటే డిపోలో తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలన్నాడు.

"ఒరే, స్టూడియోలోనే తీశారంటున్నావుగా. మన దగ్గరా స్టూడియో ఉంది. తీసి చూద్దాం రా."

ఆ మాటకి తమ్ముడి కోపం ఎటు పోయిందో పోయింది. వచ్చే సెలవుకి సిమెంటు, గోడలకి పూసే పుట్టీ పొడి సంచుల్లో మోసుకొచ్చాడు. సోఫా వీధిలోకి నెట్టారు. గోడకి నల్లగుడ్డ కట్టి, కింద ప్లాస్టిక్ పట్టా పరిచారు. ఈ అక్కాతమ్ముళ్లకి పని లేదని విసుక్కుంటూనే మరదలు పొడిని మెత్తగా జల్లించింది. పైగా గిన్నె అడుగుతో అక్కడక్కడా ఒత్తి గుంటలు కూడా పెట్టింది. చూస్తే అందరికంటే ఆవిడకే హుషారు ఎక్కువగా ఉంది.

మొదట దీపమే మొండికేసింది. దగ్గర పెడితే ముందున్న నేల వెలిగిపోతుంది, వెనకది చీకటిగుయ్యారం. గుమ్మం దాకా జరిపితే అంతా ఒకేలా పడింది గానీ వెలుగు చాలలేదు. పెద్ద దీపం తెస్తే కుదురుతుందిగా అని తమ్ముడు వాదించాడు. కుదరొచ్చని అక్క ఒప్పేసుకుంది. తెలియనిదాన్ని తెలుసనడం ఒకసారి చాలనిపించింది ఆవిడకి.

తర్వాత తమ్ముడు ఫోనులో ఇంకో వీడియో చూపించాడు. చంద్రుడి మీద ఒక చిన్న బండి ఎగిరెగిరి పడుతూ పోతోంది. చక్రాల వెనక మట్టి లేస్తోంది. ఇదెంత పని అని పక్క కొట్టు వాళ్ల సైకిలు అడిగి తెచ్చి, వెనక చక్రం పొడికి ఆనించి, పెడలు పట్టుకుని గిర్రున తిప్పాడు. గుప్పుమని పొగలా లేచింది. ముగ్గురూ తుమ్ముకుంటూ వీధిలో పడ్డారు. కిటికీలోంచి చూస్తే దుమ్ము గదంతా తేలుతూనే ఉంది, దిగే ఆలోచనే ఉన్నట్టు లేదు.

తమ్ముడు వీధిలో ఉన్న సోఫాలో కూలబడి మళ్లీ ఫోను తీశాడు. అదే ముక్క వెనక్కి తిప్పి తిప్పి చూశాడు. మట్టిరోడ్ల మీద ముందు లారీ లేపే దుమ్ములో కళ్లు చికిలించుకుని బండి నడిపినవాడు.

"ఇది దుమ్ములా లేదక్కా. నీళ్లు చిమ్మినట్టు లేచి, అలాగే కింద పడిపోతోంది. కాస్తయినా గాల్లో నిలవడం లేదు."

గరుకు ఇసకేమో అంది అక్క. ఇల్లు కడుతున్న చోటి నుంచి ఇసక తెచ్చి తిప్పితే నిజంగానే మబ్బు లేవలేదు, చక్కగా చిమ్మి పడింది. తమ్ముడి ముఖం వికసించింది. అప్పుడు మరదలు చెప్పు తీసి ఆ ఇసకలో ఒత్తింది. అచ్చు పడలేదు, అంచులు జారిపోయాయి.

"ఫోటోలో చంద్రుడి మీద వాళ్ల బూటు అచ్చు గీతలతో సహా పడింది కదండీ. ఇదేమో నిలవట్లేదు."

తడిపితే అచ్చు నిలిచింది గానీ, తిప్పితే ముద్దలుగా చక్రానికి అంటుకుంది. అచ్చు నిలిపే మెత్తని మట్టే మబ్బు లేకుండా ఎగరాలంటే గదిలో గాలి ఉండకూడదు. ఒక బండి తిరిగేంత గదిలోంచి గాలంతా తోడేయడం ఎలాగో ముగ్గురూ చాలాసేపు మాట్లాడుకున్నారు. గోడలు లోపలికి కుంగిపోవా, లోపల కెమెరా పట్టినవాడు ఏం పీల్చుకుంటాడు అని ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు వచ్చాయి.

"అంత చేసే బదులు వెళ్లి రావడమే నయం," అన్నాడు తమ్ముడు చివరికి, ఒళ్లు దులుపుకుంటూ. చేతులకీ జుట్టుకీ అంటుకున్న సిమెంటు ఎంత దులిపినా వదల్లేదు.

నిజంగానే వెళ్లారన్న అతని కొత్త మాట డిపోలో అందరూ వినలేదు. కొందరు నవ్వారు, ఒకడైతే మీ అక్క ఎవరికి అమ్ముడుపోయిందన్నాడు. తమ్ముడు తగువు పెట్టుకోలేదు. సైకిలు, పుట్టీ పొడి తెచ్చుకుని రమ్మన్నాడట. ఒక మెకానిక్కు నిజంగానే వచ్చాడు. తిప్పి చూసి, తుమ్మి, ఇంకా నమ్మకం కుదరలేదంటూ టీ తాగి వెళ్లాడు.

మరదలికి మాత్రం వేరే సందేహం పట్టుకుంది. బట్టలకి అంటిన చంద్రుడి మట్టితోనే వాళ్లు తమ నౌక లోపలికి వెళ్లారు కదా, మరి ఎవరు ఊడ్చారని. నవ్వొద్దక్క వెతికి చదివి చెప్పింది. అది ఎంత దులిపినా వదల్లేదట, లోపల కాల్చిన తుపాకీ మందు వాసన వేసిందట. అలాంటి వాసన ఎందుకొస్తుందని తమ్ముడు అడిగాడు. అక్కకి తెలియదు. సరే, గాలి లేని చోట వాళ్లు పాతిన జెండా ఎందుకు ఊగిందో అదైనా చూద్దామని అతను మేడ మెట్లెక్కి, జెండా కర్రకని డాబా మీది గొట్టం ఒకటి ఊడదీయడం మొదలుపెట్టాడు.